ఉత్తుత్తి పేషెంటు

"ఏమైందమ్మా, ఎందుకొచ్చినవ్?" అని నర్సింగ్ చదివే అమ్మాయి అడిగింది.

మంచం మీద కూర్చున్న ఆవిడ అప్పుడు నేను నేర్పించిన మాట చెప్పాలి. గుండె దడగా ఉంటోందని, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని చెప్పాలి. వారం నుంచి అదే నేర్పిస్తున్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, కొంగు సర్దుకుని, "నాకేం కాలేదు బిడ్డా, నేను మంచిగనే ఉన్న. మా ఆడబిడ్డకే దడ" అన్నది.

అమ్మాయి పాపం కాసేపు ఆలోచించింది. "అయితే ఆమెనే తోలుకరాకపోయినవా అమ్మా" అన్నది.

తోటి టీచర్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఈడ్చుకొస్తున్న పీహెచ్‌డీ ఆ మంచం మీద చతికిలబడి కూర్చుంది మరి.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నర్సులు, డాక్టర్లు కాబోయే పిల్లలకు ఎలా నేర్పాలి అన్నదే నా పీహెచ్‌డీ. వినడానికి గొప్పగానే ఉంటుంది. మా ఆయన తరపు చుట్టాలకు ఒకసారి చెబితే, "అంటే డాక్టరమ్మవైతవ్, ఇగ సూదులిస్తవా" అన్నారు. సూదులు ఇరవై ఏళ్లుగా ఇస్తూనే ఉన్నానని, ఇది వేరే రకం డాక్టరని విడమర్చే ఓపిక లేక తల ఊపాను. ఈ చదువులో నాకు బాగా వచ్చిన విద్య తల ఊపడమే.

ఏటా కొత్త బ్యాచ్ రాగానే మేమందరం ఒకే మాట చెబుతాం. పేషెంటుతో మంచిగా మాట్లాడండి అని. ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరం చూపించం. మాకూ ఎవరూ చూపించలేదు. ఆ మాట చెప్పీ చెప్పీ విసుగెత్తి ఈ అంశం తీసుకున్నాను. సగం మంది పిల్లలకు పుస్తకంలో ఉన్నట్టు పాఠం చెప్పాలి. మిగతా సగం మందికి రోగిలా నటించే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి నేర్పాలి. చివర్లో అందరికీ ఒకే పరీక్ష. గంట కొట్టగానే గదిలోకి వచ్చి, నటించే మనిషితో ఏడు నిమిషాలు మాట్లాడి వెళ్లాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఒక్కో కాలేజీ. మూడు చోట్లా అదే రోగం, అవే మాటలు. రెండు గుంపుల మార్కుల్లో తేడా కనిపిస్తే నా పద్ధతి పనిచేసినట్టు. ఈ ఎండాకాలం లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు పొడిగించడం అప్పటికే రెండుసార్లు అయిపోయింది, ఇక పొడిగించేది లేదని ఉత్తరం కూడా వచ్చింది.

నటించేవాళ్లకు ఇంగ్లీషులో పెద్ద పేరుంది. మా కాలేజీలో మాత్రం ఉత్తుత్తి పేషెంటు అంటాం. మా ఉత్తుత్తి పేషెంటు కాలేజీ గేటు ఎదురుగా జాకెట్లు కుట్టే ఆవిడ. కొలతలకు వచ్చిన వాళ్లందరినీ వాళ్లు పోగానే అనుకరించి చూపించేది. నడక, మూతి తిప్పడం, బేరమాడే గొంతు, అన్నీ దించేసేది. ఇంతకంటే మంచి నటి దొరకదని నేనే వెంటపడి ఒప్పించాను. అంత నటీ ఒక్క దడ దగ్గర ఆగిపోయింది.

రిహార్సల్‌కు వచ్చిన పిల్లలు వెళ్లాక ఆవిడను పక్కకు పిలిచాను. "వారం సంది నేర్పిస్తి కదా, గిట్ల చేస్తివేంది" అన్నాను.

"మేడం, నేర్సుకున్నన్ని దినాలు మనసులనే అనుకున్న. నోటితో అనే యాళ్లకు నాలుక రాలే. పైన తథాస్తు దేవతలుంటరు కదా. అబద్ధమని వాళ్లకెట్ల తెలుస్తది? నాకు ఇద్దరు పిల్లలు."

ఆ దేవతల సంగతి నాకు తెలియనిది కాదు. మనిషి నోట ఏ మాట వస్తే దానికి పైనుంచి అట్లే అగుగాక అనేసి పోతారట, ముందూ వెనకా చూడరట. సాయంత్రం దీపం పెట్టే వేళ మరీ దగ్గరగా తిరుగుతుంటారట. మా అత్తమ్మది మోతె దగ్గర ఊరు, ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. పని ఎక్కువై "సచ్చిపోతున్న" అని నేను గొణిగినప్పుడల్లా, "నోట్లెకెల్లి మంచి మాట రానియ్యి" అని కసిరేది. ఒకరికి ఫలానా చోట గడ్డ లేచిందని చెప్పేటప్పుడు కూడా తన ఒంటి మీద చూపించదు, గోడ మీద చూపిస్తుంది. ఇంట్లో ఇంత ఉండి కూడా, ఈ పరీక్ష తయారుచేసుకున్నప్పుడు నాకిది తట్టలేదు. పుస్తకాల్లో ఉత్తుత్తి పేషెంట్లను ఎలా తయారుచేయాలో పేజీలకు పేజీలు ఉంది. నోటితో అననంటే ఏం చేయాలో ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో ఉండే మా గైడ్ మేడమ్‌కు ఫోన్ చేశాను. "ఆడబిడ్డకు అని చెబితే కుదరదమ్మా. రోగమెవరికో వాళ్లే చెప్పాలి. లేకపోతే మూడు ఊళ్లలో ఒకే పరీక్ష ఎలా అవుతుంది?" అన్నారు. పైగా, "మీ దగ్గరే ఎందుకమ్మా ఇన్ని సమస్యలు" అని కూడా అన్నారు. నేను తల ఊపాను. ఫోన్లో తల ఊపితే కనిపించదని తర్వాత గుర్తొచ్చింది.

చివరికి దారి కుట్టుపని ఆవిడే చెప్పింది. ఒక్కో అమ్మాయి వెళ్లగానే బయటికి పోయి నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తుందట. అన్న మాట అక్కడే పోతుందట. పైగా తన చీర కట్టుకోదట, నేనొక పాత చీర తెచ్చివ్వాలట. సరే అన్నాను. నా నీలం చీర కట్టుకుని ఆవిడ సూర్యాపేటలో బ్రహ్మాండంగా నటించింది. కోదాడలోనూ అంతే. అక్కడ పంపు వరండా చివర ఉంది. ప్రతి ఏడు నిమిషాలకూ పరుగెత్తి పుక్కిలించి వస్తుంటే అక్కడి టీచరమ్మ కంగారుపడి, "ఆవిడకి వాంతులవుతున్నాయాండీ? పాపం, ఒంట్లో బాగాలేకపోయినా వచ్చారా?" అని అడిగింది. బాగానే ఉందని, అది పరీక్షలో భాగమని చెప్పాను. ఆ రోజు నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

నా సంగతి అప్పటికే బాగాలేదు. అలసట అని ఒక్క మాటలో చెప్పేస్తే సరిపోదు. పొద్దున వంట, పిల్లల డబ్బాలు, కాలేజీలో పాఠాలు, ఆసుపత్రిలో పిల్లల డ్యూటీలు చూడటం, సెలవు దొరికితే కోదాడ బస్సో మిర్యాలగూడ బస్సో. బస్సులో సీటు దొరికితే థీసిస్ చదువుకుందామని సంచిలో పెట్టుకునేదాన్ని. సీటు దొరకగానే నిద్రపోయేదాన్ని. నెలసరి నెలలో సగం రోజులు ఉండేది. ఈ వయసులో మామూలే అనుకున్నాను. కాలేజీలో మూడో అంతస్తులో నా క్లాసు ఉంటే, రెండో అంతస్తులో ఆగి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడేదాన్ని. ఆ బోర్డు మీద ఏముందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఇలాగే ఉంటారని తోటి టీచర్లు అనేవాళ్లు. నేనూ నమ్మాను. ఇంకొకటి, బియ్యం బుక్కే అలవాటు పట్టుకుంది. వంటింట్లోకి పోయినప్పుడల్లా గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. తర్వాత చిన్న డబ్బాలో పోసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం మొదలైంది.

"బియ్యం బుక్కితె పెండ్లిల వాన కొడతదంటరు. నీ పెండ్లి ఎన్నడో అయిపాయె, ఇంక యాడ కొట్టాలె ఆ వాన" అని మా అత్తమ్మ ఎగతాళి చేసేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఇక మిగిలింది మిర్యాలగూడ. తేదీ ఖాయమయ్యాక కుట్టుపని ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ల అన్న బిడ్డకు లగ్గం కుదిరిందట. "ఇంట్ల శుభకార్యం పెట్టుకొని రోగం మాటలు అననియ్యరు మేడం. ఎన్ని నీళ్లు పుక్కిలించినా అననియ్యరు. ఏమనుకోకుండ్రి" అన్నది. ఏమనుకోను? ఇంకొకరిని వెతికి, ఒప్పించి, నేర్పించే వ్యవధి లేదు. ఆ కాలేజీలో పరీక్షలు మొదలైతే మళ్లీ పిల్లలు దొరకరు. గైడ్ మేడమ్‌ను అడిగితే, ఆ పిల్లలకు నేర్పిందంతా అక్కడి టీచర్లే, నేను చెప్పలేదు కాబట్టి నేనే కూర్చోవచ్చన్నారు, ఆ సంగతి థీసిస్‌లో రాస్తే చాలన్నారు. అదే నీలం చీర కట్టుకుని, హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోయే దారి తప్పించి, నేరుగా పోయే బస్సు ఎక్కాను. మార్కులు వేయడానికి అక్కడి టీచర్ ఒకామె మూల కుర్చీలో కూర్చున్నది. రైసు మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వస్తోంది. నాకు నోరూరింది.

పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నేను దడ అన్నాను, ఆయాసం అన్నాను. పుక్కిలించడానికి నేను పోలేదు, నాకు అలాంటి నమ్మకాలు లేవు. పిల్లలందరూ చక్కగా చేశారు. "చేతులు కడుక్కుంటున్న" అన్నారు, చేతులు పొడిగానే ఉన్నాయి. "పల్స్ చూస్తున్న" అన్నారు, వేళ్లు నా మణికట్టు మీద ఈగ వాలినట్టు వాలి లేచిపోయాయి. ప్రతి మాటకూ మూల కుర్చీలోంచి పెన్ను కదిలింది. మా పరీక్షలు ఎప్పటినుంచో ఇలాగే నడుస్తాయి. టైం తక్కువ కాబట్టి చేసే పనిని పైకి చెబితే చేసినట్టే లెక్క. నేను తయారుచేసిన మార్కుల కాగితంలో కూడా, విద్యార్థిని నోటితో చెప్పాలి అని స్పష్టంగా రాసి పెట్టాను.

మధ్యాహ్నం తర్వాత ఒక బక్కపలచటి పిల్ల వచ్చింది. నిడమనూరు దిక్కు పిల్ల అని తర్వాత తెలిసింది. ఉత్తుత్తి పేషెంట్లతో నేర్చుకున్న గుంపు. "ఏమైతుందమ్మా" అని అడిగి, నేను చెప్పింది విన్నది. "అన్నం గాకుండ సుద్దముక్కలు, బియ్యం గిట్ల తినబుద్దయితదా?" అని అడిగింది. నేను రాసుకున్న జవాబు లేదు అని. "లేదు బిడ్డా" అన్నాను. నా బ్యాగు మంచం కింద ఉంది, అందులో డబ్బా ఉంది. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. కాగితంలో లేదని ఉంది, లేదన్నాను.

తర్వాత ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ నిలబడిపోయింది. ఏమీ మాట్లాడదు. అడగాల్సిన ప్రశ్న మరిచిపోయిందేమో అనుకుని, జాలిపడి, "ఇంట్ల పని శానా ఉంటది బిడ్డా" అని ఒక మాట అందించాను. అందుకోలేదు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. నిమిషం నిండా లెక్కపెట్టి, మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత నా కింది రెప్ప మెల్లగా వంచి చూసింది. ఇంకా సలహాలు చెప్పాలి, ఆహారం గురించి చెప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాలి. గంట కొట్టేశారు.

వంగి నా చెవి దగ్గర, "మేడం, మీరు నిజంగనే సూపెట్టుకోండ్రి" అని చెప్పి వెళ్లిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి మూడు ఊళ్లు తిరిగితే, నటన మధ్యలో మేడం అంటుందా? టైమంతా వృథా చేసిందని మూల కుర్చీలో టీచర్ కూడా తల అడ్డంగా ఊపింది. ఇంతలో ఇంకో గంట మోగింది, ఇంకో పిల్ల వచ్చింది.

సాయంత్రం మిర్యాలగూడ బస్టాండులో బస్సు మెట్లు ఎక్కి సీట్లో కూలబడ్డాక, ఊపిరి ఎంతకీ కుదురుకోలేదు. వాడపల్లి నుంచి వచ్చే సిమెంటు లారీలు ఒకటే హారన్లు కొడుతున్నాయి. నా వేళ్లు నా మణికట్టు మీద పెట్టుకుని, చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడు భయమేసింది. ఇరవై ఏళ్లుగా ఎందరిదో నాడి పట్టుకున్నాను, నాది పట్టుకున్నది అదే మొదటిసారి.

మర్నాడు రక్తపరీక్ష చేసిన ల్యాబు అతను కాగితం చేతికివ్వకుండా, "మేడం, మీరు నడుసుకుంటనే వచ్చిండ్రా?" అని అడిగాడు. అవునన్నాను. "ఇగ నడవకుండ్రి, కూసోండ్రి" అని కుర్చీ వేశాడు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది ఆరు కూడా లేదు, బియ్యం బుక్కబుద్ధయ్యేది కూడా అందుకే. అదే రోజు దవాఖానలో పడేశారు, రక్తం ఎక్కించారు. పుస్తకం చూసి ఆ కేసు రాసింది నేను. నలభై దాటిన ఆడమనిషి, దడ, ఆయాసం, నీరసం, ఒంట్లో రక్తం లేకపోవడం, అన్నీ నేనే రాశాను. ఇద్దరికి అది వల్లె వేయించాను, అందులో నేనొకదాన్ని.

మా అత్తమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి మంచం పక్కన కూర్చుంది. "మిర్యాలగూడల పొద్దంత దడ దడ అన్నవంట. ఇంకేమైతది మరి" అన్నది.

"అత్తమ్మా, నేనన్నది నిన్న. ఇది ఏడాది సందే ఉంది" అన్నాను.

ఆమె డబ్బా మూత తీయడం ఆపి నా మొహం చూసింది. "ఏడాది సంది ఉంటె ఏడాది సంది ఎందుకనలే?"

అనొద్దని కసిరింది మీరే కదా అని నోటి దాకా వచ్చింది. కానీ ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నాకూ ఏడుపొచ్చింది. ఎందుకనలేదో నాకు నిజంగానే తెలియదు. అడిగితే చెప్పేదాన్నేమో. అడిగినవాళ్లకు బాగానే ఉన్నానని చెప్పాను.

ఆ వార్డులో మా కాలేజీ పిల్లలకే డ్యూటీ. కాసేపటికి ఒకమ్మాయి వచ్చి, "పల్స్ చూస్తున్న మేడం" అన్నది. వేళ్లు ఇలా తాకించి అలా తీసి, కాగితం మీద ఏదో అంకె వేయబోయింది. నేను నేర్పిన పిల్లే. తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఏమని తిట్టాలి? ఆ పిల్ల చేయి తీసుకుని నా మణికట్టు మీద పెట్టుకున్నాను. "నోటితో గాదు బిడ్డా. గడియారం సూడు, లెక్కవెట్టు" అన్నాను. లెక్కపెట్టింది. ఒక నిమిషం అంతసేపు ఉంటుందని పడుకుని ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఒంట్లోకి కాస్త రంగు వచ్చాక మార్కులన్నీ కూడి లెక్కలు కట్టేవాళ్లకు పంపాను. గైడ్ మేడం ఫోన్ చేశారు. సూర్యాపేట, కోదాడలో నా పద్ధతికి మంచి తేడా కనిపిస్తోందట. మిర్యాలగూడతో కలిపితే ఆ తేడా నిలవడం లేదట. "ఒక అమ్మాయికి మరీ తక్కువ మార్కులు వచ్చాయమ్మా, మొత్తాన్ని ఆ అమ్మాయే కిందికి లాగేస్తోంది. నటన మధ్యలో మేడం అని పిలిచి పరీక్ష చెడగొట్టిందని కూడా రాసి ఉంది. అలాంటివి తీసేయడానికి నియమం ఒప్పుకుంటుంది. ఆ ఒక్కటి తీసేయండి, మీ పని అయిపోయినట్టే."

ఆవిడ తప్పేమీ చెప్పలేదు. నియమం నిజంగానే ఉంది. ఆ పిల్లకు పల్స్ దగ్గర సున్నా, నోటితో చెప్పలేదు కాబట్టి. కళ్లు చూసినదానికి అసలు గడే లేదు. సలహాలకు సున్నా. పేషెంటుతో ఎలా మాట్లాడాలో కొలవడానికి నేను ఆరేళ్లు పట్టి చేసిన కాగితం ప్రకారం మూడు ఊళ్లలో అందరికంటే వెనకపడ్డది ఆ పిల్లే. జాకెట్లు కుట్టే ఆవిడ నోటితో అంటే అయిపోతుందని భయపడితే ఒళ్లు మండింది గానీ, నా కాగితం నమ్మింది కూడా అదే.

"తీయను మేడం" అన్నాను.

"తీయకపోతే తేడా కనిపించలేదని రాయాల్సి వస్తుంది. ఆరేళ్ల పని అమ్మా."

"తెలుసు మేడం. తేడా కనిపించలేదనే రాస్తా. ఎందుకు కనిపించలేదో కూడా రాస్తా. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోకపోతే రాయడానికి నేను ఉండేదాన్ని కాదు."

తర్వాత, "సరే, ఉంచండి. వైవాలో మాత్రం మీ జవాబు మీరే చెప్పుకోవాలి. నేనేం మాట్లాడలేను" అన్నారు. ఈసారి తల ఊపలేదు, సరే అని పైకి చెప్పాను.

గడువు లోపలే థీసిస్ ఇచ్చాను. చివరి అధ్యాయం నా మార్కుల కాగితంలోని తప్పు మీదే. ఇలాంటి థీసిస్‌ను తిప్పి పంపినా పంపవచ్చు, మళ్లీ చేయడానికి నాకు గడువూ లేదు, ఓపికా లేదు. వైవాకు పిలుపు ఇంకా రాలేదు. మాత్రలు వేసుకుంటున్నాను. మూడో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతున్నాను. బియ్యం డబ్బా మళ్లీ వంటింట్లోకి పోయింది.

నిన్న సాయంత్రం మా అత్తమ్మ గుమ్మం దగ్గర దీపం పెడుతూ, "అయితదా పిల్లా నీ డాక్టరు సదువు?" అని అడిగింది.

"ఏమో అత్తమ్మా, కా..." అన్నాను.

అగ్గిపుల్ల పట్టుకున్న చెయ్యే అడ్డం పెట్టింది. "అనకు. యాళ్ల మంచిది గాదు. అయితది అను."

ఆమె పుల్ల ఆర్పకుండా నా వంకే చూస్తోంది.

"అయితది" అన్నాను.